ఆటకొఱకు బుట్టిన విద్య



కంప్యూటరు ఆటలకై స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థను అమర్చుకొనుటను గూర్చి బందరులోని ఒక ముసలి బడిపంతులు ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. నాకును మొదట వింతగనే యుండెను. కాని యీ విషయమున కొక చరిత్ర గలదు. అది తెలిసిన పిదప, మా మనుమని మందలించిన మాటలలో గొన్నింటిని నేను వెనుకకు దీసికొనవలసి వచ్చినది.

నిర్వాహక వ్యవస్థ యననేమి? దివిసీమ రైతులకు ఇది సులభముగా బోధపడును. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైనను, నీరు తనంతట తాను చేలకు రాలేదు గదా! కాలువలు, లాకులు, తూములు, వానిని కనిపెట్టియుండు లస్కరులు వలసివచ్చిరి. కంప్యూటరులోని శక్తియు నట్టిదే. దానిని వ్రాతకింత, పాటకింత, ఆటకింత యని పంచిపెట్టు లస్కరే నిర్వాహక వ్యవస్థ. ఆ పంపకపు పద్ధతిని ఎల్లరును జూచి, దిద్దుకొని, ఇతరులకు పంచుటకు వీలున్నచో అది స్వేచ్ఛా వ్యవస్థ. రహస్యముగ నున్నచో కంపెనీ సొత్తు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అనునతడు, గ్రహముల నడుమ నౌకను నడపు 'స్పేస్ ట్రావెల్' అను ఆటను వ్రాసెను. అచటి పెద్దయంత్రముపై ఒక్కమారాడిన సుమారు 75 డాలర్ల ఖర్చు. అందుచే నతడు అంతగా వాడుకలో లేని పీడీపీ-7 అను చిన్నయంత్రమును వెదకి పట్టి, డెన్నిస్ రిచీ సాయముతో ఆటను దానికి మార్చెను. ఆ పనిలో నలవడిన నేర్పుతో ఆ యంత్రము మీదనే యొక నిర్వాహక వ్యవస్థకు పునాది వేసెను. అదియే యూనిక్స్. మూలనున్న యంత్రము, ఆటపై మక్కువ, ఈ రెండును గలిసి యింతటి విద్యకు దారితీసినవి.

యూనిక్స్ క్రమముగా కంపెనీల షరతులలో జిక్కెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అట్టిదానినే స్వేచ్ఛగా నిర్మింతుమని 'గ్నూ' ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కీలకభాగమును లోకమున కందిచ్చెను. దాని షరతు మన తాళపత్రముల కాలపు మర్యాదను దలపించును: ప్రతి వ్రాసికొనుము, తప్పు దిద్దుము, కాని నీ ప్రతిని ఇతరులకిచ్చునపుడు వారికిని ఆ స్వేచ్ఛనే యిమ్ము. మన తెలుగునాటను 'స్వేచ్ఛ' అను సంస్థవారు తెలుగులో బలుకు వ్యవస్థను వెలువరించిరి. బడిపిల్లలకై 'బాలస్వేచ్ఛ'ను గూర్చిరి.

అయినను ఆటలలో బెక్కు విండోస్ భాషకే అలవడినవి. పూర్వము మన బందరు రేవున డచ్చివారికిని మనవారికిని నడుమ దుబాసీలుండినట్లు, ఇచటను దుబాసీ కావలసివచ్చెను. 1993లో మొదలిడిన 'వైన్' అట్టి దుబాసీ. 2018లో వాల్వ్ కంపెనీవారు దానినే పెంపొందించి 'ప్రోటాన్' అను పేర వెలువరించిరి. వారి 'స్టీమ్' అంగడి మాత్రము కంపెనీ సొత్తే. ప్రోటాన్ మూలము బహిరంగము. 2022లో వచ్చిన వారి చేతి ఆటయంత్రము లినక్స్ మీదనే నడచును.

ఇక మా యింటి సంగతి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ సహాయము ముగిసినది. గుడివాడలో జదువుకొనుచున్న మా మనుమని పాతయంత్రము కొత్తదానికి దగదనిరి. "ఆటలకు కొత్త యంత్రమా?" యని నేను గద్దించితిని. "కొత్తది వద్దు తాతయ్యా, ఒక పెన్ డ్రైవు చాలు" అని వాడు లినక్స్‌ను దెచ్చెను. అమర్చుచుండగా, ఉన్నదంతయు దుడిచివేయుదునా యని యంత్రమడిగెను. వాడు సంశయించుచుండగనే, నా యింగ్లీషుపై నమ్మికతో "అవుననరా" యంటిని. ఆ యంత్రములోనే, దివిసీమ గ్రామనామములపై నేను వ్రాయించిన నలువది పుటలుండెను. మఱియొక ప్రతి లేదు. అంతయు బోయినది.

వాడు నన్నొక్క మాటయు ననలేదు. సెలవులకు వచ్చినపుడెల్ల సాయంకాలములందు నేను చెప్పుచుండగా మరల టైపు చేసెను. ఆటకై బాగుచేసిన యంత్రముపై పుటలన్నియు ముగియువఱకు వాడొక్క ఆటయు నాడలేదు.

కావున నా యనుభవమున జెప్పుచున్నాను. మొదట మీ కాగితములను, ఛాయాచిత్రములను వేఱొకచోట ప్రతి తీసికొనుడు. పెక్కు లినక్స్ వ్యవస్థలను పెన్ డ్రైవు నుండియే నడపి చూడవచ్చును. తెర, ధ్వని, ఇంటర్నెట్టు సరిగానున్నవని తేలినపిదపనే స్థిరముగా నమర్చుడు. చిత్రములను జూపు భాగమునకు దగిన డ్రైవరును, పిదప స్టీమ్‌ను జేర్చి, ప్రోటాన్‌ను ఎన్నుకొనవలెను. పదిమందితో పోటీగా నాడు ఆటలు కొన్ని, మోసమును గనిపెట్టు కాపలా కారణమున లినక్స్‌పై నడువవు. భారమైన ఆటలను పాతయంత్రము మోయజాలదు.

పిల్లలాటకు కాలనియమము పెట్టుట పెద్దల ధర్మము. కాని తాళము విప్పి లోపలి పనితనమును జూడగోరు పిల్లవానిని ఆటపిచ్చివాడని తోసివేయకుడు. వాని ప్రక్కన గూర్చుండుడు. అతడు ఆలోచించుచున్నపుడు మాత్రము "అవును" అని తొందరపడకుడు.

సెలవు.