పరిశోధకులపై హత్య కేసు: బస్తర్‌లో అకడమిక్ స్వేచ్ఛకు ఎదురైన పరీక్ష

అకడమిక్ స్వేచ్ఛ అనగానే తరగతి గదిలో పాఠం, సెమినార్ హాల్లో ప్రసంగం గుర్తొస్తాయి. బోధనతో పాటు పరిశోధన చేయడం, ఫలితాలను ప్రచురించడం కూడా ఈ స్వేచ్ఛలో భాగమేనని 1997 నాటి యునెస్కో సిఫారసు చెబుతోంది. సామాజికశాస్త్ర పరిశోధన ఎక్కువగా ఊళ్లలో జరుగుతుంది. అక్కడ ఈ స్వేచ్ఛకు ఉన్న రక్షణ ఎంతో బస్తర్‌లో తేలింది.

నేపథ్యం

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంది మరైగూడ. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని తరలించి ఉంచిన శిబిరాల్లో ఇక్కడిదీ ఒకటి. ఆ హింసకు తాళలేక వేలాది ఆదివాసీలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వచ్చారు.

సుప్రీంకోర్టు తీర్పు

బస్తర్‌పై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ 2007లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, ఆయుధాలిచ్చి మావోయిస్టులపైకి పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ధర్మాసనం తీర్పునిచ్చింది. తాడిమెట్ల తదితర గ్రామాల్లో ఇళ్ల దహనంపై సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది.

ఎదురు కేసులు

ఆ దర్యాప్తులో 2016 అక్టోబరులో అభియోగపత్రాలు దాఖలైన సంగతి బయటికొచ్చింది. వెంటనే బస్తర్‌లో యూనిఫారంలో ఉన్న పోలీసు సిబ్బందే సుందర్‌తో పాటు పలువురి దిష్టిబొమ్మలు తగలబెట్టారు. నవంబరులో సుక్మా జిల్లాలో జరిగిన ఒక ఆదివాసీ హత్య కేసులో ఆమెనూ, జేఎన్‌యూ ఆచార్యురాలు అర్చనా ప్రసాద్‌నూ, మరికొందరినీ నిందితులుగా చేర్చారు. అరెస్టు చేయాలంటే నాలుగు వారాల ముందు నోటీసివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆధారాలు లేవంటూ 2019లో పోలీసులే వారి పేర్లు తొలగించారు.

2016 డిసెంబరులో బస్తర్‌కు బయల్దేరిన తెలంగాణ నిజనిర్ధారణ బృందానికి ఆ ఊరట దక్కలేదు. ఏడుగురిని సరిహద్దు దగ్గరే పట్టుకుని, ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రత చట్టం కింద కేసు పెట్టారు. వారు దాదాపు ఏడు నెలలు సుక్మా జైల్లో గడిపారు. ఈ రెండు కేసుల్లోని 13 మందికి తలా లక్ష రూపాయల పరిహారం చెల్లించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి సూచించింది.

చట్టంలో ఏముంది?

భారత రాజ్యాంగంలో అకడమిక్ స్వేచ్ఛ పేరుతో ప్రత్యేక హక్కు లేదు. 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చిన భావప్రకటన, సంచార స్వేచ్ఛలే పరిశోధకులకూ ఆధారం. ఆచార్యులను జైలుకు వెళ్లకుండా కాపాడింది విశ్వవిద్యాలయ ఉద్యోగం కాదు, సుప్రీంకోర్టు జోక్యం. ఢిల్లీ దాకా వెళ్లి తలుపు తట్టగల స్థోమత లేని చిన్న కళాశాల అధ్యాపకుడికో, పరిశోధక విద్యార్థికో ఇలాంటి కేసు ఎదురైతే అడ్డుపడే ప్రత్యేక ఏర్పాటు చట్టంలో ఇప్పటికీ లేదు.