ఎర్ర శిలువకు గీసిన గిరి

19వ శతాబ్దం సగం దాటేదాకా ఐరోపా యుద్ధరంగాల్లో క్షతగాత్రులను మోసే బండికీ, సైన్యానికి సరంజామా మోసే బండికీ దూరం నుంచి తేడా తెలిసేది కాదు. రెండూ గుర్రాలు లాగేవే, రెండూ సైన్యం వెనక బారులు తీరి నడిచేవే. ఎదుటి పక్షం ఫిరంగి రెండింటినీ ఒకేలా చూసేది. వైద్య దళాలకు జెండాలు లేవని కాదు. ఆస్ట్రియా తెల్లజెండా ఎత్తేది, ఫ్రాన్స్ ఎర్రజెండా, స్పెయిన్ పసుపుపచ్చది. మరికొన్ని సైన్యాలు నల్లజెండా వాడేవి. తమ వైద్యుల జెండా ఏ రంగో సొంత సైనికుల్లోనే చాలామందికి తెలియదు. ఇక ఎదుటివాళ్ళకు తెలిసే దారేది?

ఇవాళ మన వీధుల్లో ఎన్నో అంబులెన్సుల మీద, మందుల షాపుల బోర్డుల మీద, డాక్టర్ల కార్ల అద్దాల మీద కనిపించే ఎర్ర ప్లస్ గుర్తు ఆ లోటు తీర్చడానికి పుట్టింది. వైద్యానికి చిహ్నంగా దాన్ని ఎవరూ తయారుచేయలేదు. ఇటు కాల్చవద్దని చెప్పడానికి తయారుచేశారు. ఆ గుర్తు గురించి తర్వాతి కాలంలో వచ్చిన ఒప్పందాలు, చట్టాలు, తగాదాలు అన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ తిరిగినవే.

కథ మొదలు చాలామందికి తెలిసిందే. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర ఫ్రాన్స్, సార్డీనియా సేనలు ఒకవైపు, ఆస్ట్రియా సేన మరోవైపు తలపడ్డాయి. చనిపోయినవాళ్ళూ గాయపడినవాళ్ళూ కలిసి దాదాపు 40 వేలు. సొంత వ్యాపారం పనిమీద అటు వెళ్ళిన జెనీవావాసి ఆన్రీ డ్యూనాన్, పక్కనున్న కాస్తిల్యోనె ఊళ్ళో చర్చి నిండా పడి ఉన్న క్షతగాత్రులను చూశాడు. ఆ ఊరి ఆడవాళ్ళతో కలిసి, ఎవరు ఏ పక్షమని అడగకుండా కట్లు కట్టాడు, నీళ్ళు తాగించాడు. 1862లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జెనీవాలో అయిదుగురు సభ్యులతో ఒక సంఘం ఏర్పడింది: డ్యూనాన్, న్యాయవాది గుస్తావ్ మ్వాన్యే, జనరల్ డ్యూఫూర్, డాక్టర్ లూయీ అప్పియా, డాక్టర్ తియొడోర్ మొన్వార్. తర్వాత అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘంగా పేరుకెక్కింది ఇదే.

గుర్తు మాట వచ్చింది 1863 అక్టోబరులో వాళ్ళు పిలిచిన సమావేశంలో. స్వచ్ఛంద సేవకులు ఎడమచేతికి తెల్ల పట్టీ కట్టుకోవాలని అప్పియా ప్రతిపాదించాడు. కొంత చర్చ జరిగింది. ఆ తెల్ల పట్టీ మీద ఎర్ర శిలువ ఉండాలన్న సవరణతో ప్రతిపాదన నెగ్గింది. చర్చలో ఎవరేమన్నారో, శిలువే ఎందుకో, ఎరుపే ఎందుకో సమావేశపు నివేదికలో లేదు. ఉత్త తెలుపు చాలదని వాళ్ళకు తోచి ఉండాలి. సంధికో లొంగుబాటుకో తెల్లజెండా ఎత్తే ఆచారం అప్పటికే ఉంది. స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేస్తే ఈ గుర్తు వస్తుందనీ, ఆ దేశానికి గౌరవంగానే అలా ఎంచుకున్నారనీ జెనీవా ఒప్పంద పాఠంలోకి ఎక్కింది 1906లో, అంటే 43 ఏళ్ళ తర్వాత. ముందు గుర్తు వచ్చింది, వివరణ తర్వాత వచ్చింది.

1864 వసంతంలో డెన్మార్క్‌తో ప్రష్యా, ఆస్ట్రియాల యుద్ధం నడుస్తుండగా అప్పియా ఒక పక్షాన, అదే సంఘం పంపిన కెప్టెన్ వాన్ డి వెల్డె మరో పక్షాన ఆ పట్టీ కట్టుకుని తిరిగారు. అదే ఏడాది ఆగస్టు 22న 12 రాజ్యాల ప్రతినిధులు జెనీవాలో మొదటి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మొత్తం పది అధికరణాలు. ఏడో అధికరణం ఆసుపత్రులకు, సైన్యంతో కదిలే వైద్యశాలలకు, క్షతగాత్రులను తరలించే బృందాలకు ఒకే జెండా నిర్దేశించింది: తెల్లని నేల మీద ఎర్ర శిలువ. రాజ్యాలు తమ వైద్య దళాల సొంత రంగులు వదులుకుని ఒక్క గుర్తుకు తలవంచడం అదే మొదలు. నా దృష్టిలో ఒప్పందంలోని మిగతా తొమ్మిది అధికరణాలు పనిచేయడానికి ఆధారం ఇదే. కనిపించని రక్షణను ఏ సైనికుడూ పాటించలేడు.

గుర్తుకు మతార్థం అంటగట్టకూడదన్నది జెనీవావాళ్ళ ఉద్దేశం కావచ్చు, కానీ చూసేవాళ్ళ కళ్ళు వేరు. 1864 ఒప్పందంలో మరుసటి ఏడాదే చేరిన ఒట్టోమన్ సామ్రాజ్యం, 1876 నవంబరులో తన వైద్య దళాలు ఎర్ర నెలవంక వాడతాయని ప్రకటించింది; శిలువ తమ ముస్లిం సైనికులను నొప్పిస్తోందని కారణం చెప్పింది. ఎదుటి పక్షం శిలువను మాత్రం గౌరవిస్తానంది. రష్యాతో యుద్ధంలో ఆ ఏర్పాటు పరస్పరం సాగింది. 1929 ఒప్పందం నెలవంకను, పర్షియా (నేటి ఇరాన్) వాడే ఎర్ర సింహం-సూర్యుడు గుర్తును అంగీకరించింది. 1980లో ఇరాన్ సింహాన్ని వదిలి నెలవంకకు మారింది. ఏ మతానికీ చెందని ఎర్ర స్ఫటికం 2005 డిసెంబరులో మూడో అదనపు ప్రోటోకాల్ ద్వారా వచ్చింది.

తెలుగువాళ్ళకు ఈ చరిత్రతో ఒక పాత చుట్టరికం ఉంది. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పందకూలీలుగా వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు గణనీయంగా ఉన్నారు. 1899లో బోయర్ యుద్ధం రాగానే అక్కడి భారతీయులతో గాంధీ ఒక అంబులెన్స్ దళం కూర్చాడు. దాదాపు 1,100 మంది. అందులో 300 మంది దాకా స్వేచ్ఛగా బతుకుతున్నవాళ్ళు, మిగతా అందరూ ఒప్పందకూలీలే. ఆనాటి ఛాయాచిత్రంలో వాళ్ళ చేతి పట్టీల మీద ఎర్ర శిలువ కనిపిస్తుంది. కాల్పులు జరిగే హద్దులోకి వెళ్ళనక్కర్లేదన్నది వాళ్ళకిచ్చిన మాట. స్పియన్ కాప్ దగ్గర బ్రిటిష్ సేన దెబ్బతిన్నాక, బలవంతం లేదు కానీ వస్తే మేలని జనరల్ బుల్లర్ కబురు పంపాడు. వాళ్ళు వెళ్ళారు. డోలీలు భుజాన వేసుకుని మైళ్ళ కొద్దీ నడిచారు. వాళ్ళ చేతికున్న గుడ్డముక్కకు అంతకు మించిన బలం ఏమీ లేదు, ఎదుటివాడు దాన్ని నమ్మడం తప్ప.

ఆ నమ్మకం కోసమే 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం గుర్తు వాడకాన్ని రెండుగా విడదీసింది. యుద్ధంలో రక్షణ కోసం వాడేది సైనిక వైద్య సేవలది. అది వీలైనంత పెద్దగా, దూరం నుంచి, పై నుంచి కనబడాలి. శాంతికాలంలో ఆయా దేశాల రెడ్‌క్రాస్ సంఘాలు తమవని తెలిపేందుకు వాడేది వేరు. అది చిన్నదిగా ఉండాలి, భవనాల కప్పుల మీద, చేతి పట్టీల మీద ఉండకూడదు. మనుషులు, సంస్థలు, కంపెనీలు ఎవరికి వారు ఈ గుర్తు వాడటాన్ని 53వ అధికరణం నిషేధించింది. యుద్ధం లేనిచోట వాడితే ఏమవుతుందని ఎవరైనా అడగవచ్చు. మందుల షాపు మీద, డబ్బు తీసుకునే ఆసుపత్రి బండి మీద రోజూ చూసిన కంటికి అది వ్యాపారం గుర్తుగా స్థిరపడుతుంది. కలహం వచ్చిన రోజున అదే కన్ను దాన్ని రక్షణ గుర్తుగా చూడాలంటే కుదరదు.

యుద్ధంలోనే అది మోసానికి అడ్డుపెట్టుగా మారితే ఇంకా ప్రమాదం. 2008 జులై 2న కొలంబియా సైన్యం ఫార్క్ తిరుగుబాటుదారుల చెరలోని 15 మందిని మానవతా బృందం వేషంలో వెళ్ళి విడిపించింది. కొలంబియా రాజకీయ నాయకురాలు ఇంగ్రిడ్ బెతాంకూర్ అందులో ఒకరు. ఒక్క తూటా పేలలేదని ప్రపంచం మెచ్చుకుంది. ఆ బృందంలో ఒకరు రెడ్‌క్రాస్ గుర్తు తొడుక్కున్నారని రెండు వారాల తర్వాత అధ్యక్షుడు ఉరిబే ఒప్పుకున్నాడు. విడిపించినందుకు సంతోషించాల్సిందే. కానీ ఆ తర్వాత ఆ అడవుల్లోకి నిజమైన రెడ్‌క్రాస్ బండి వెళ్ళినప్పుడు, తుపాకీ పట్టుకున్నవాడు దాన్ని ఏమని అనుకోవాలి?

అంబులెన్సుల మీది గుర్తు విషయంలో అసలైన పరీక్ష అమెరికాలో జరిగింది. 1960ల దాకా అక్కడ అంబులెన్స్ సేవల్లో దాదాపు సగం శవసంస్కార సంస్థల చేతుల్లో ఉండేవి. రోగి పడుకునేందుకు పొడవైన బండి ఉన్నది వాళ్ళకే. 1966లో రోడ్డు భద్రతా చట్టం వచ్చాక అత్యవసర వైద్యాన్ని ఒక పద్ధతిలో పెట్టే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఎర్ర శిలువ వాడకూడదు గనుక తెల్లగా మెరిసే చదరం మీద నారింజరంగు శిలువ వేశారు. అమెరికన్ రెడ్‌క్రాస్ ఊరుకోలేదు. ఇది మా గుర్తును అచ్చు పోలి ఉందని 1973లో అభ్యంతరం చెప్పింది. జాతీయ రహదారి భద్రతా సంస్థ విచారించి, అభ్యంతరం న్యాయమేనని తేల్చింది. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగులో వేగంగా పోతున్న బండి మీద నారింజకూ ఎరుపుకూ ఎంత దూరమో ఆలోచిస్తే ఆ తీర్పులో పొరపాటు కనిపించదు.

అప్పుడు ఆ సంస్థలో అత్యవసర వైద్య విభాగాన్ని చూస్తున్న లియో ష్వార్ట్జ్ కొత్త గుర్తు గీశాడు. ఆరు రేకుల నీలి నక్షత్రం. నడుమ గ్రీకుల వైద్యదేవత ఆస్క్లీపియస్ కర్ర, దాన్ని చుట్టుకున్న ఒకే ఒక్క పాము. ఆరు రేకులూ ఆరు పనులు: ప్రమాదాన్ని గుర్తించడం, కబురు చేయడం, బయలుదేరి చేరడం, అక్కడికక్కడ చికిత్స, దారిలో చికిత్స, ఆసుపత్రికి అప్పగించడం. 1977 ఫిబ్రవరి 1న అది ఆ సంస్థ పేర ధ్రువీకరణ చిహ్నంగా నమోదైంది. ఇవాళ మన దేశంలోనూ ఎన్నో అంబులెన్సుల మీద కనిపించే నక్షత్రం ఇదే. శిలువ చెప్పలేని మాటను ఈ నక్షత్రం చెబుతుంది. శిలువ ఎవరినీ నయం చేస్తానని చెప్పదు. నక్షత్రం చెప్పేదల్లా చికిత్స గురించే.

ఇక మన చట్టం. భారత రెడ్‌క్రాస్ సంఘం 1920 నాటి చట్టంతో ఏర్పడింది. 1949 ఒప్పందాలను భారతదేశం 1950 నవంబరులో ఆమోదించింది. వాటిని అమలుచేసేందుకు 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అందులో 12వ సెక్షన్ భాష నిక్కచ్చిగా ఉంటుంది: నిలువు, అడ్డ రేకులు ఒకే పొడవున్న ఎర్ర శిలువ, చుట్టూ పూర్తిగా తెల్లని నేల. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే దాన్ని ఏ అవసరానికీ వాడకూడదు. రెడ్‌క్రాస్, జెనీవా క్రాస్ అనే పేర్లూ అంతే. నెలవంక, స్విస్ జెండా శిలువ కూడా ఆ నిషేధంలోనివే. పొరబడేంత దగ్గర పోలికున్న గుర్తులకూ అదే నియమం. అమెరికాలో వేసిన నారింజ శిలువ ఇక్కడ వేస్తే ఈ మాట కిందికే వస్తుంది.

శిక్ష 13వ సెక్షన్‌లో ఉంది: 500 రూపాయల దాకా జరిమానా, గుర్తు వేసిన సరుకు జప్తు. 1960లో ఆ మొత్తం చిన్నది కాదు. ఇవాళ ఒక రేడియం షాపులో బండి రెండు పక్కలా పెద్ద ఎర్ర ప్లస్ కత్తిరించి అంటించడానికి అంతకన్నా ఎక్కువే ఖర్చవుతుంది. షాపతను కంప్యూటర్లో బొమ్మ ఎంచుతాడు, కోత యంత్రం నిమిషంలో గీస్తుంది, తెల్ల వ్యాను మీద చేత్తో సాపు చేసి అంటిస్తాడు. తెల్ల వ్యాను, ఎర్ర రేకులు. చట్టం వర్ణించిన గుర్తు అక్షరాలా తయారవుతుంది. అంటించినవాడికీ అంటించుకున్నవాడికీ చెడు ఉద్దేశం ఉండదు; వాళ్ళకు అది ఆసుపత్రి గుర్తు, అంతే. పోలీసు ఎదురుపడ్డా ఏమీ అనడు. పైగా ప్రభుత్వమో, ప్రభుత్వం నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం ఈ నేరాన్ని విచారణకు తీసుకోదు. పాతబడ్డ జరిమానా, ఫిర్యాదుకు ఇరుకైన దారి, చెప్పేవాళ్ళు లేకపోవడం, ఈ మూడూ కలిసి చట్టాన్ని కాగితానికి పరిమితం చేశాయి. జరిమానాను పెంచడం కన్నా, వాహనాన్ని రిజిస్టర్ చేసేటప్పుడే ఆ గుర్తు తీసేయమని చెప్పడం తేలికని నా అభిప్రాయం. రోడ్డు అంబులెన్సులకు ఏఐఎస్-125 అనే ప్రమాణం ఎలాగూ ఉంది. అది వాటిని ఎ నుంచి డి దాకా నాలుగు రకాలుగా విడదీసి రంగు, రాత ఎలా ఉండాలో కూడా చెబుతుంది. ముందు వెళ్ళే బండి అద్దంలో సరిగ్గా కనబడేలా బానెట్ మీద తిరగేసి రాసే ‘అంబులెన్స్’ అక్షరాలు అందులోవే.

ప్రథమ చికిత్స అని చెప్పాలంటే ఆకుపచ్చ నేల మీద తెల్ల శిలువ అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉంది. అది వాడటానికి జెనీవా ఒప్పందం అడ్డు చెప్పదు. ఎర్ర శిలువ వేసుకోవడానికి సైన్యానికీ రెడ్‌క్రాస్ సంఘానికీ చెందని బండికి ఒప్పందం ఒక్క దారే వదిలింది. 44వ అధికరణం ప్రకారం, దేశ చట్టానికి లోబడి, రెడ్‌క్రాస్ సంఘం స్పష్టమైన అనుమతి ఇస్తే, శాంతికాలంలో ఒక అంబులెన్స్ ఆ గుర్తు వేసుకోవచ్చు. ఆ బండి క్షతగాత్రులకు, రోగులకు ఉచితంగా చికిత్స అందించడానికే పూర్తిగా కేటాయించినదై ఉండాలి.