అమ్ముడుపోయిన ఆటకు దండన యెవరికి?

1915వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీ, గుడ్ ఫ్రైడే నాడు, మాంచెస్టరు నగరమందలి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ జట్లకు జరిగిన ఆటలో యునైటెడ్ 2-0తో గెలిచెను. పట్టికలో అట్టడుగునకు చేరి, క్రింది డివిజనునకు జారిపోవుదుమేమో యని అల్లాడుచున్న ఆ జట్టునకు ఆ గెలుపు ప్రాణావలంబనమయ్యెను. కాని సరిగా ఆ 2-0 ఫలితముపైననే, ఒకటికి ఏడు రెట్ల చొప్పున, పందెములు విరివిగా కట్టబడినవని వెల్లడి కాగా, ఫుట్‌బాల్ అసోసియేషన్‌వారు విచారణ సాగించి, ఆ సంవత్సరాంతమున యునైటెడ్ ఆటగాండ్రు ముగ్గురిని, లివర్‌పూల్ ఆటగాండ్రు నలుగురిని యావజ్జీవము ఆట నుండి బహిష్కరించిరి. కుట్ర ఆటగాండ్రదే గాని యాజమాన్యములది కాదని తేలుటచే క్లబ్బులకు ఏ దండనయు విధింపబడలేదు. ఫలితమును రద్దు చేయబడలేదు.

ఆ సీజన్ ముగియునప్పటికి యునైటెడ్‌కు 30 పాయింట్లు, చెల్సీకి 29, టాటెన్‌హామ్‌కు 28 ఉండెను. చివరి రెండు జట్లు రెండవ డివిజనునకు దిగవలెనన్నది నియమము. గెలుపునకు రెండు పాయింట్లు లభించు కాలమది. లాలూచీతో వచ్చిన ఆ రెంటిని తీసివేసినచో యునైటెడ్ 28కి దిగి, చెల్సీ దానికంటె పైన నిలిచియుండెడిది. అపరాధియెవ్వడన్న ప్రశ్న విచారణకర్తలను వేధించినంతగా, ఆ యపరాధమువలన చెడినవాడెవ్వడన్న ప్రశ్న వారి మనస్సునకు తట్టలేదు. యుద్ధానంతరము 1919లో మొదటి డివిజనును 20 జట్ల నుండి 22కు పెంచి చెల్సీని అందే నిలుపుకొనిరి. మిగిలిన స్థానమునకు వోట్లు తీసి, టాటెన్‌హామ్‌ను కాదని రెండవ డివిజను నుండి ఆర్సెనల్‌ను పైకి తెచ్చిరి. ఒకరికి దక్కిన ఉపశమనము మరియొకరికి దక్కలేదు.

నేడు మ్యాచ్ ఫిక్సింగ్ అని లోకము వ్యవహరించు ఈ లాలూచీ ఆటకు క్లబ్బులను దండించు పద్ధతి యే విధముగ పరిణమించినదో పరిశీలించునపుడు, చెల్సీ యనుభవము నా కన్నుల ముందు నుండి తొలగదు. క్లబ్బనునది చట్టము దృష్టిలో ఒక వ్యక్తియే యైనను, దానికి శరీరము లేదు. చెరసాలలో పెట్టుటకు వీలులేదు. దానిపై పడిన దెబ్బ తుదకు ఆటగాండ్రపైనను, జీతగాండ్రపైనను, ఆదివారపుటాటకై వారమంతయు ఎదురుచూచు సామాన్య జనులపైనను పడును. అందుచేత క్లబ్బును శిక్షింపరాదని కొందరు వాదింతురు. ఆ వాదమందలి కరుణ నాకు గౌరవపాత్రమే. కాని అక్రమముగా పొందిన ఫలమును క్లబ్బు చేతిలోనే ఉంచుట కరుణ యనిపించుకొనదు.

ఈ సంగతిని ఇటలీవారు ముందుగా గ్రహించిరి. 1927 జూన్ 5న టొరీనో, యువెంటస్ జట్ల నడుమ జరిగిన స్థానికపుటాటకై టొరీనో అధికారి యొకడు యువెంటస్ రక్షకుడు లుయీజీ అల్లెమాందీకి 50,000 లీరాలు ఆశ చూపి, సగము ముందుగ చెల్లించెనని తేలగా, టొరీనో గెలిచిన ఛాంపియన్‌షిప్పును సమాఖ్య రద్దు చేసెను. దానిని రెండవ స్థానమున నున్న బొలోన్యకును ఇయ్యక, ఆ యేడు విజేత లేడని నిర్ణయించెను. అల్లెమాందీకి యావజ్జీవ నిషేధము విధించి, పిదప క్షమించిరి. 1934లో ప్రపంచకప్పు గెలిచిన ఇటలీ జట్టులో అతడును ఉండెను. క్లబ్బు పొందిన లాభమును ఊడబెరికిన ఈ తీర్పు, అంతకు పండ్రెండేండ్ల ముందటి ఇంగ్లండు తీర్పుకంటె న్యాయమునకు చేరువలో నున్నదని నా విశ్వాసము.

జర్మనీలో 1971 జూన్ 6న ఆఫెన్‌బాఖ్ క్లబ్బు అధ్యక్షుడు హోర్స్ట్ గ్రెగోరియో కనెయ్యాస్, తన ఏబదవ జన్మదినపు విందునకు వచ్చిన జాతీయ శిక్షకుడు హెల్ముట్ షోన్ మొదలగు అతిథుల యెదుట, ఆటగాండ్రు డబ్బునకు బేరమాడుచున్న మాటలను టేపురికార్డరుపై వినిపించెను. ఆ విందు రేపిన దుమారములో ఏబదిమందికి పైగా ఆటగాండ్రు శిక్షితులైరి. బీలెఫెల్ట్ క్లబ్బు తరువాతి సీజనులో సంపాదించిన పాయింట్లన్నియు రద్దై క్రిందికి త్రోయబడెను. గుట్టు బయటపెట్టిన కనెయ్యాస్‌కే యావజ్జీవ నిషేధము తప్పలేదు. అతడును బేరములో చేయి పెట్టినవాడే యన్నది కారణము. ఆ కారణము అసత్యము కాదు. అయినను చెప్పినవానికిని దాచినవానికిని ఒకే కొలత వాడినచో మరుసటిసారి నోరు విప్పువాడెవ్వడు?

1980లో ఇటలీలో పందెపు వ్యాపారులతో ఆటగాండ్రు కుమ్మక్కైన వ్యవహారము బయల్పడి, మార్చి 23న మైదానములయందే అరెస్టులు జరిగినవి. మిలాన్, లాజియో జట్లు రెండవ శ్రేణికి దింపబడినవి. అవెల్లీనో, బొలోన్య, పెరూజియాలకు తరువాతి సీజనులో అయిదేసి పాయింట్ల కోత పడెను. పావొలో రొస్సీ రెండేండ్ల నిషేధము ముగించుకొని వచ్చి 1982 ప్రపంచకప్పులో ఆరు గోల్స్ చేసిన కథ ఎల్లరెరుగుదురు. తన మనిషి చేసిన తప్పునకు, తనకు తెలిసినను తెలియకున్నను, క్లబ్బు బాధ్యత వహింపవలెనను సిద్ధాంతము ఇటలీ క్రీడాన్యాయమున పాతుకొనిపోయినది.

ఫ్రాన్సు దేశపు ఉదంతము ఇంతకంటె జటిలము. 1993 మే 20న మార్సే జట్టు వలాన్సియెన్ పై 1-0తో గెలిచెను. మరి ఆరు దినములకు మ్యూనిక్‌లో మిలాన్‌తో ఛాంపియన్స్ లీగ్ తుదిపోరు ఉండుటచే, తమ ఆటగాండ్రకు గాయములు తగులకుండునట్లు ఎదుటివారు మెల్లగ ఆడవలెనని మార్సే పక్షమువారు డబ్బు పంపిరి. వలాన్సియెన్ ఆటగాడు జాక్ గ్లాస్‌మన్ ఆ సొమ్మును తిరస్కరించి సంగతి బయటపెట్టెను. మరియొక ఆటగాని బంధువు పెరటిలో రెండున్నర లక్షల ఫ్రాంకులు పాతిపెట్టిన చోట త్రవ్వి తీయబడెను. మార్సేకు ఆ యేటి ఫ్రెంచి ఛాంపియన్‌షిప్పు పోయెను; మరుసటి యేడు యూరప్ పోటీలలో ప్రవేశము పోయెను; 1994లో రెండవ డివిజనునకు దిగవలసివచ్చెను; అధ్యక్షుడు బెర్నార్ తాపీ కారాగారమునకు పోయెను. ఇంత కఠినదండనలోను ఒక లోపము నిలిచిపోయినది. మ్యూనిక్ ఆటకై కాళ్లు దాచుకొనుటయే కదా ఆ లంచమునకు ప్రయోజనము! మే 26న 1-0తో గెలిచిన ఆ యూరప్ కప్పు మాత్రము, ఆ ఆటలో లాలూచీ లేదను కారణమున, నేటికిని మార్సే పేరనే యున్నది. లంచమిచ్చిన స్థలమున శిక్ష పడెను. లంచమునకు లక్ష్యమైన స్థలమున పడలేదు. ఇక వలాన్సియెన్ ఆ యేడే క్రింది డివిజనునకు దిగిపోయెను. ధర్మము పలికిన గ్లాస్‌మన్‌ను ఫ్రాన్సు మైదానములలో ప్రేక్షకులు ఈలలతో, అరుపులతో అవమానించిరి. 1995లో ఫిఫావారు అతనికి ఫెయిర్ ప్లే పురస్కారమునిచ్చిరి.

దండనలోని న్యాయమును గూర్చి లోకము మిక్కిలిగా తర్కించినది 2006లో ఇటలీలో బయల్పడిన కాల్చోపోలీ వ్యవహారమందే. యువెంటస్ అధికారి లుచానో మొజ్జీ, రెఫరీలను నియమించు పెద్దలతో టెలిఫోనులో సాగించిన సంభాషణలు పత్రికల కెక్కగా, జూలై 9న ఇటలీ ప్రపంచకప్పు గెలిచిన అయిదవనాడు తీర్పు వెలువడినది. యువెంటస్ రెండవ శ్రేణికి దిగి, అచట 30 పాయింట్ల లోటుతో మొదలుపెట్టవలెనని తొలి తీర్పు. అప్పీలులో అది 17 అయ్యెను. మధ్యవర్తుల కడకు పోగా 9 అయ్యెను. లాజియో, ఫియొరెంతీనాలు మొదట క్రింది శ్రేణికి త్రోయబడి, అప్పీలుతో పై శ్రేణిలోనే నిలిచిపోయినవి. లాజియో కోత తుదకు మూడు పాయింట్లకు దిగినది. తప్పొకటే, సాక్ష్యమొకటే యైనపుడు మూడు నెలలలో ముప్పది కాస్త తొమ్మిదిగ మారినచో, ఆ ముప్పదికిగాని తొమ్మిదికిగాని ఆధారమైన కొలత యేమని సామాన్యుడడుగుట సహజము. దండన కఠినమగుట తప్పు కాదు, మృదువగుటయు తప్పు కాదు. తప్పునకు ముందుగనే కొలత నిర్ణయించి యుంచకపోవుటయే ఇచటి దోషము.

మిలాన్ సంగతి మరియు విచిత్రము. 2005-06 పాయింట్ల నుండి 30 తగ్గించినను ఆ జట్టు ఛాంపియన్స్ లీగ్ అర్హతపోటీలకు చేరెను; 2007 మే 23న ఏథెన్సులో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి యూరప్ విజేతయయ్యెను. యువెంటస్‌లో బుఫోన్, దెల్ పియెరో వంటి ప్రపంచవిజేతలు, ఏ పాపము నెరుగనివారు, క్లబ్బును విడువక రిమిని వంటి చిన్న పట్టణములకు పోయి రెండవ శ్రేణి ఆటలాడిరి. ఆ సీజన్ ముగియకమునుపే, 2007 ఏప్రిల్ 27 తరువాత లాలూచీలో పాల్గొన్నదని తేలిన క్లబ్బు ఒక సీజన్‌పాటు తమ పోటీలకు అనర్హమగునని యూరప్ సమాఖ్య నియమము చేసినది. దాని పిమ్మట అపరాధ తీవ్రతను బట్టి వేరొక శిక్షయు పడవచ్చును. అట్లే మాసిడోనియా క్లబ్బు పోబెదాకు 2009లో ఎనిమిదేండ్ల బహిష్కారము, అల్బేనియా క్లబ్బు స్కెండర్‌బెవుకు 2018లో పదేండ్ల బహిష్కారము విధింపబడినవి.

యాజమాన్యమునకు తెలియక ఆటగాడు చేసిన తప్పునకు క్లబ్బు ఎంత భరింపవలెనన్న ప్రశ్నకు 2012లో నేపొలీ విషయమున సమాధానము కొంత లభించినది. మాజీ గోల్‌కీపరు ఒకడు 2010లో సాటివారిని లాలూచీకి పిలువగా వారు నిరాకరించిరి. అందుకు నేపొలీకి రెండు పాయింట్లు కోసిరి; 2013 జనవరిలో వానిని తిరిగి ఇచ్చివేసిరి. ఆ పునరుద్ధరణ ఉచితమని నేనెంచుచున్నాను. ఆ క్లబ్బు పొందిన లాభము లేదు, చెడిన ప్రత్యర్థియు లేడు.

కావున నా అభిప్రాయమిది: మొట్టమొదట, ఎవరు చేసినను, క్లబ్బునకు తెలిసినను తెలియకున్నను, లాలూచీతో వచ్చిన పాయింటుగాని, కప్పుగాని, స్థానముగాని తీసివేసి, చెడిన ప్రత్యర్థికి వీలైనంత తిరిగి ఈయవలెను. అంతకు మించిన శిక్ష, శ్రేణి దింపుటయైనను బహిష్కారమైనను, యాజమాన్యపు చేయి ఉన్నచోటనే పడవలెను. దాని కొలత సీజన్ ఆరంభమునకు ముందే వ్రాయబడి యుండవలెను. నూరేండ్లకు పైగా సాగిన ఈ చరిత్రలో ఈ రెండును కలిసి అమలైన సందర్భము నాకు కనబడలేదు.

1915లో బహిష్కృతులైన వారిలో యుద్ధమున సేవచేసిన వారికి 1919లో నిషేధము తొలగింపబడినది. వారిలో శాండీ టర్న్‌బుల్ అప్పటికే యుద్ధభూమిలో మరణించి యుండెను. తాను నిర్దోషినని వాదించుచు న్యాయస్థానమున దావా వేసి ఓడిన ఈనక్ వెస్ట్‌కు మాత్రము, 1945లో, అతనికి 59 యేండ్లు వచ్చిన తరువాత గాని విముక్తి కలుగలేదు. యునైటెడ్ గెలిచిన ఆ 2-0 ఫలితము, రెండు పాయింట్లతో సహా, ఇంగ్లీషు లీగు లెక్కలలో నేటికిని చెక్కుచెదరక యున్నది.