పురపాలక బాండు

పురపాలక బాండు అనగా నగరపాలక సంస్థ లేదా ఇతర స్థానిక సంస్థ ప్రజోపయోగ నిర్మాణాల కొరకు మదుపరుల నుండి అప్పు తీసుకొని జారీచేసే ఋణపత్రం. దీనిపై నిర్ణీత కాలం వడ్డీ చెల్లించి, అసలును తిరిగి ఇస్తారు. శిథిలమైన పురపాలక భవనాల స్థానంలో కొత్తవి కట్టడానికి అమెరికా నగరాలు తరచుగా ఈ పద్ధతిపై ఆధారపడతాయి.

భవనాలకు అప్పు ఎందుకు
వీధుల మరమ్మతు, చెత్త సేకరణ సిబ్బందికీ, వాహనాలకూ నెలవైన పనుల శాఖ భవనం దశాబ్దాల పాటు ఉపయోగపడుతుంది. దాని పునర్నిర్మాణ వ్యయాన్ని ఒక్క ఏడాది బడ్జెట్టు నుండి భరించడం చాలా నగరాలకు సాధ్యం కాదు. అప్పు చేసినపుడు ఆ భారం, భవనం వలన లాభం పొందే రాబోయే తరాలకు కూడా పంచబడుతుంది. అయితే వడ్డీ వలన మొత్తం వ్యయం పెరుగుతుంది. అందువలన కొన్ని నగరాలు ఏటా కొంత సొమ్మును ప్రత్యేక నిధిలో దాచి, అప్పును తగ్గించుకుంటాయి.

రకాలు
* సాధారణ బాధ్యత బాండు: నగరానికి గల పన్ను విధించే అధికారమే దీనికి హామీ. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో దీనికి ఓటర్ల ఆమోదం అవసరం. కాలిఫోర్నియా నగరాలలో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి.
* ఆదాయ బాండు: నీటి రుసుము, వంతెన సుంకం వంటి రాబడితో తీర్చేది. పనుల శాఖ భవనానికి సొంత రాబడి ఉండదు. నీటి సరఫరా విభాగం కూడా అందులో ఉంటే, ఆ మేరకు వ్యయాన్ని నీటి రుసుముల నుండి రాబట్టవచ్చు.
* లీజు ఆదాయ బాండు: నగరం ఏర్పరచిన ప్రత్యేక సంస్థ అప్పు తెచ్చి, భవనాన్ని నగరానికే లీజుకిస్తుంది. ఆ అద్దెతో అప్పు తీరుతుంది. సాధారణంగా దీనికి ఓటర్ల ఆమోదం అక్కరలేదు. అద్దె కూడా చివరకు ప్రజాధనమే కనుక దీనిపై విమర్శలు కలవు.

బాండ్లకు ప్రత్యామ్నాయం
కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరంలో 1970లలో కట్టిన నగర కార్యాలయం పెద్ద భూకంపాన్ని తట్టుకోలేదని తేలింది. 2016లో నగరం కొత్త భవనాల రూపకల్పన, నిర్మాణం, పెట్టుబడి, నిర్వహణలను ఒక ప్రైవేటు కూటమికి అప్పగించింది. కొత్త కార్యాలయం 2019లో ప్రారంభమయింది. ఒప్పందం ప్రకారం నగరం 40 ఏళ్ళ పాటు ఏటా సొమ్ము చెల్లించాలి. భవనం నిర్ణీత ప్రమాణాలతో అందుబాటులో లేకపోతే చెల్లింపులో కోత పడుతుంది.

భారతదేశంలో
దేశంలో మొదటగా 1997లో బెంగళూరు నగరపాలక సంస్థ ఈ బాండ్లను జారీచేసింది. 1998లో అహ్మదాబాదు రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండానే 100 కోట్ల రూపాయలు సేకరించింది. 2015లో సెబీ వీటికి ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ రహదారుల అభివృద్ధికై 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడాది డిసెంబరులో విశాఖపట్నం నగరపాలక సంస్థ 80 కోట్లు సేకరించాయి.

ఇక్కడ బాండ్లపై ఓటింగు జరగదు. మదుపరులు నగరపు క్రెడిట్ రేటింగును చూసి నిర్ణయించుకుంటారు. ఆస్తిపన్ను వసూళ్ళు బలహీనంగా ఉన్న నగరానికి అప్పు పుట్టడం కష్టం, పుట్టినా వడ్డీ ఎక్కువ.

ఇవి కూడా చూడండి
* నగరపాలక సంస్థ
* ఆస్తిపన్ను
* సెబీ