ఊరూపేరూ లేని గంజాయి గింజ

గంజాయి చరిత్ర రాసినవారిలో చాలామంది ఒకే దారి పట్టారు. మొదట హిమాలయాల్లో ఒక అడవి మొక్క, తర్వాత దాన్ని మచ్చిక చేసుకున్న రైతు, చివరికి మేలురకాలు సృష్టించిన అమెరికా, హాలెండ్ పెంపకందారులు. దారినపడ్డ గింజకు ఈ వరుసలో చోటు లేదు. ఈ మొక్కను ఎక్కువ దూరం నడిపించింది అదేనని నా వాదం.

తొలి ఘట్టాలు తెలిసినవే. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కను సటైవా అన్నాడు. లామార్క్ 1785లో మన దేశపు మొక్కకు ఇండికా అని పేరు పెట్టాడు. మనుషులు చెత్త పోసే చోట గంజాయి తనంతట తానే మొలవడం చూసి రష్యన్ వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1920లలో సాగు మూలాన్ని అక్కడే వెతికాడు. 110 జన్యుపటాలను పోల్చి 2021లో వెలువడిన పరిశోధన, అసలైన అడవి పూర్వికులు అంతరించి ఉండవచ్చని, అడవిరకాలుగా చెలామణి అవుతున్నవి సాగు నుంచి తప్పించుకున్నవాటి సంతతేనని తేల్చింది.

అసలు పేచీ గింజలేని గంజాయి దగ్గర వస్తుంది. అది 1970లలో కాలిఫోర్నియా నేర్చిన విద్య అని ఇప్పటికీ రాస్తున్నారు. వృక్షశాస్త్రవేత్త డేవిడ్ ప్రెయిన్ 1893లో బెంగాల్ నౌగావ్ సాగుపై ఇచ్చిన నివేదిక చదివితే ఆ మాట నిలవదు. అక్కడ పొద్దార్ అనే నిపుణుడు చేలో తిరిగి, ఆడమొక్కలకు పుప్పొడి అందకుండా, పూత విచ్చకముందే మగమొక్కలను గుర్తించి పీకించేవాడు. మరుసటి ఏడు ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ కూడా ఇదే పద్ధతిని నమోదు చేసింది. మగమొక్కలు పోయినా కంకుల్లో కొన్ని గింజలు మిగిలేవి. ఒత్తిడికి గురైన ఆడమొక్క ఒక్కోసారి తనమీదే నాలుగు మగపూలు పూసి, ఆ పుప్పొడితోనే గింజ కడుతుంది. అలాంటి గింజల్లో దాదాపు అన్నీ ఆడమొక్కలే అవుతాయి. తల్లి గుణాలతోపాటు మగపూలు పూసే లోపాన్నీ మోసుకొస్తాయి. పొట్లంలో దొరికిన గింజ నుంచి మేలుమొక్క రావడాన్ని అదృష్టమంటారు గానీ, అందులో సగం ఈ జీవశాస్త్రమే.

అన్ని గింజలకూ ఈ మాట వర్తించదు. 1960, 70లలో మెక్సికో, కొలంబియాల నుంచి అమెరికాకు చేరిన గింజలున్న సరుకు మగమొక్కలున్న చేలలో పండింది. ఆ గింజలకు తండ్రెవరో తెలియదు. కొలంబియా, థాయిలాండ్ మొక్కలు ఉత్తరాది మంచు పడేలోగా పక్వానికి రాకపోవడంతో త్వరగా పండే అఫ్గాన్ గింజ అవసరపడింది. కొలంబియా, మెక్సికో, అఫ్గాన్ గింజల కలయికలోంచే స్కంక్ నంబర్ వన్ రకం పుట్టింది. 1991లో ఇండియానాలో ఒక సంగీత కచేరీ దగ్గర పరిచయమైనవారి నుంచి ఆ తర్వాత తెప్పించుకున్న పొట్లంలోని గింజలే కెమ్‌డాగ్ రకానికి మూలమని దాన్ని పెంచినవాడే చెప్పాడు. పెంపకందారుల నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. వాళ్ల చేతికందిన ముడిసరుకు మాత్రం ఊరూపేరూ లేనిదే.

ఇప్పటి పరిస్థితి నాకు నచ్చడం లేదు. ఒకే పేరుతో వేర్వేరు దుకాణాల్లో అమ్మే సరుకు జన్యుపరంగా ఒకటి కాదని అమెరికాలో 2019 నాటి అధ్యయనం చూపింది. మొరాకో రిఫ్ కొండల్లో స్థానిక రకాన్ని దిగుమతి సంకరాలు తోసేస్తున్నాయి. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో 'శీలావతి' గంజాయి రకం పేరు అందరికీ తెలుసు. దళారులు లాభాలు తీసుకుంటున్నారు, జైలుకు గిరిజన యువకులు వెళ్తున్నారు. 2021లో పోలీసులు 'పరివర్తన' పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల పంటను నరికించారు. ఆ సాగును నేను సమర్థించను. కానీ పంటతోపాటు ఆ గింజలూ పోతున్నాయి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి నిర్వచనం నుంచి విడి గింజను మినహాయించింది, విత్తితేనే నేరం. శాస్త్రీయ అవసరాలకు ఆ చట్టమే వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి పీకిన పంటను తగలబెట్టే ముందు, ఏ కొండ మీద, ఏ నెలలో పీకారో రాసిపెట్టి, ప్రతి తోట నుంచీ గుప్పెడు గింజలను వ్యవసాయ విశ్వవిద్యాలయాల విత్తన భాండాగారాలకు అప్పగించాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.