ఒక స్టేషన్, రెండు ఊళ్లు

కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌కి రైలు రాకముందే ‘స్టేషన్’ వచ్చింది. 1850ల మొదట్లో మైకేల్ మర్రీ, జెరెమయా ఫాలన్ అనే ఐరిష్ వాళ్లు హోసే మరియా అమడోర్ దగ్గర ఇక్కడ భూమి కొన్నారు. ఆ రోజుల్లోనే జేమ్స్ విట్ డౌగర్టీ కూడా కొన్నాడు. గుర్రబ్బండ్లు ఆగే మజిలీ కాబట్టి పోస్టాఫీసుకి డౌగర్టీస్ స్టేషన్ అని పేరు. దారికి అవతలంతా ఐరిష్ వాళ్లే, దాన్ని డబ్లిన్ అనుకోండి అని డౌగర్టీ ఎవరితోనో అన్నాడట. ఊళ్లో చెప్పుకునే మాట ఇది. నిజమో కాదో గానీ డౌగర్టీ పేరు ఒక రోడ్డుకి మిగిలింది, ఊరు డబ్లిన్ అయింది.

అసలు రైలు సదరన్ పసిఫిక్ వాళ్లది. 1891లో శాన్ రామోన్ దాకా వేసిన శాఖను తర్వాత మా ఊరి మీదుగా పక్క ఊరు ప్లెజంటన్ వైపు పొడిగించారు. 1970ల చివర్లో దాన్ని మూసేసి పట్టాలు పీకేశారు. ఇప్పుడది ఐరన్ హార్స్ ట్రెయిల్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడకకి వెళ్లేది ఈ పాత రైలు దారి మీదే.

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లని కలిపే బార్ట్ రైలు ఇక్కడికి 1997 మే 10న వచ్చింది. స్టేషన్ ఐ-580 ఫ్రీవే నడిమధ్యన ఉంది. ప్లాట్‌ఫారమ్‌కి రెండు పక్కలా కార్ల హోరు. ఫోన్ మాట్లాడటం మానుకోవాల్సిందే. కిందికి దిగి ఉత్తరానికి తిరిగితే డబ్లిన్, దక్షిణానికి తిరిగితే ప్లెజంటన్. అందుకే బోర్డు మీద రెండు పేర్లు. 2011 ఫిబ్రవరిలో పడమటి వైపు ఇంకో స్టేషన్ తెరిచారు, దానికీ ఇదే జంట పేరు, ముందు ‘వెస్ట్’ తగిలించారు. పేరు పంచుకోవడం దగ్గర పేచీ లేదు. చిక్కంతా పట్టాల దగ్గర.

బార్ట్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్‌లో, విజయవాడలో ఉన్న బ్రాడ్ గేజ్ కూడా సరిగ్గా ఇంతే. అమెరికాలో మిగతా రైళ్లన్నీ దాదాపుగా 1,435 మీద నడుస్తాయి. వెడల్పు ఎక్కువైతే తేలికపాటి బండ్లు గాలికి ఊగకుండా నిలకడగా పోతాయని 1960ల్లో ఇంజనీర్లు అనుకున్నారు. బండి నిలకడ సంగతేమో గానీ, బార్ట్ మాత్రం చుట్టుపక్కల రైళ్లతో కలవలేక ఒంటరిగా మిగిలిపోయింది. దాదాపు అదే కాలంలో టోక్యోలో ఏం జరిగిందో చూడండి: కెయిసెయ్ అనే ప్రైవేటు కంపెనీ 1959లో తన పట్టాల గేజ్‌నే మార్చుకుంది. మరుసటి ఏడాది నుంచి దాని బండ్లూ నగరపాలన వారి భూగర్భ రైళ్లూ ఒకదాని పట్టాల మీద ఒకటి నడిచాయి. ప్రయాణికుడు కూర్చున్న సీట్లోంచి లేవనక్కర్లేదు. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి దిగి, సామాను మోసుకుంటూ బ్రాడ్ గేజ్ బండి ఎక్కినవాళ్లకి ఇదెంత సుఖమో విడమర్చి చెప్పక్కర్లేదు.

మాకు తూర్పున లివర్‌మోర్. శివ-విష్ణు ఆలయం అక్కడే. ఆ ఊరివాళ్లు కూడా 1960ల నుంచి బార్ట్ పన్ను కడుతూనే ఉన్నారు, రైలు మాత్రం రాలేదు. 2018 మేలో బార్ట్ బోర్డు లివర్‌మోర్ పొడిగింపు వద్దని తేల్చేసింది. అదే నెలలో ఉత్తరాన యాంటియోక్‌కి బార్ట్ కొత్త లైను తెరిచింది, అదీ మామూలు గేజ్ డీజిల్ బండ్లతో! ఆ లైను మామూలు బార్ట్‌ని కలిసే చోట ప్లాట్‌ఫారమ్‌కి ఈ పక్క దిగి ఆ పక్క ఎక్కాలి.

లివర్‌మోర్‌కి ఇప్పుడున్న ఆశ వ్యాలీ లింక్. 2017లో రాష్ట్ర చట్టంతో ఏర్పడిన వేరే సంస్థ దీన్ని తలపెట్టింది. ఆల్టమాంట్ కనుమ అవతలి శాన్ వాకీన్ లోయ నుంచి లివర్‌మోర్ మీదుగా మా స్టేషన్ దాకా మామూలు గేజ్ లైను. అది వస్తే ఇప్పటికే రెండు ఊళ్లున్న స్టేషన్‌కి రెండు రైలు సంస్థలూ ఉంటాయి. ఒకరి బండి మరొకరి పట్టాలెక్కదు కాబట్టి అందరూ ఇక్కడ దిగి మారాల్సిందే. పండగ రోజున గుడికెళ్లడానికి 580 మీద కారులో నత్తనడక నడిచేవాళ్లలో నేనూ ఉన్నాను గనక, హైడ్రోజన్ బండా డీజిల్ బండా అన్న చర్చ నాకంత పట్టదు. టైమ్‌టేబుల్ రెండు సంస్థలూ కలిసి కూర్చుని రాస్తాయా? బండి మారడానికి ప్లాట్‌ఫారమ్ దాటితే చాలా, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య మెట్లు దిగి మళ్లీ ఎక్కాలా? ప్లాన్లు బయటపెట్టిన రోజున నేను చూసేది ముందుగా ఈ రెండే.