బిళ్ళ వెనకవైపు

ముందువైపు చూస్తే నాజీ పార్టీ సభ్యుల బిళ్ళలన్నీ ఒక్కలాగే ఉంటాయి. 23 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ళ, అంచు చుట్టూ ఎర్ర పట్టీ, అందులో పార్టీ పేరు, నడుమ తెల్లని చోట ఏటవాలుగా నల్లటి కొక్కేల శిలువ. దాన్ని మన గడపల మీది స్వస్తిక్‌తో ముడిపెట్టి వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు, ఓపికా లేదు. నేను బిళ్ళను తిప్పి చూస్తాను. హైదరాబాద్ మింట్‌లో అచ్చుల పనిలో రిటైరైనవాణ్ణి. పాత బిళ్ళలు, పతకాలు సేకరించే మిత్రులు అసలేదో నకిలీ ఏదో చెప్పమని నా దగ్గరికి తెస్తుంటారు.

1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కేనాటికి పార్టీ సభ్యులు ఎనిమిదిన్నర లక్షల దాకా ఉన్నారు. గాలివాటం చూసి జనం ఎగబడ్డారు. మే 1న చేరికలు ఆపేసేసరికి లెక్క పాతిక లక్షలకు చేరింది. అందరికీ కోటుకు పెట్టుకోవడానికి బిళ్ళ కావాలి. గుండీలు చేసే ల్యూడెన్‌షైడ్‌కూ నగలు చేసే ఫోర్ట్స్‌హైమ్‌కూ చేతినిండా పని. వ్యాపారులు ఆ గుర్తును కనబడ్డ ప్రతి వస్తువు మీదా అచ్చేసి అమ్మడం మొదలుపెడితే, మే 19న దాన్ని కట్టడి చేస్తూ చట్టం తేవలసి వచ్చింది. గుర్తు పరువు కాపాడాలనే తాపత్రయం సరే, లైసెన్సు అధికారం ఎవరి చేతికి పోయిందో కూడా చూడాలి. 1934 డిసెంబర్ 20 నాటి చట్టంతో పార్టీ కోశాధికారి ఫ్రాంట్స్ క్సావర్ ష్వార్ట్స్ అనుమతి లేనిదే పార్టీ చిహ్నాలు తయారు చేసినా అమ్మినా నేరమైంది. మ్యూనిక్‌లో ఆయన కింద నడిచే ఆర్.జెడ్.ఎం. అనే కార్యాలయం తయారీదారులకు నంబర్లిచ్చింది.

అంతకుముందు వెనకవైపు తయారీదారు పేరు, ‘చట్టరీత్యా రక్షితం’ అనే అర్థమిచ్చే రెండు పొట్టి మాటలు ఉండేవి. తర్వాత పేరు పోయి, వలయంలో ఆర్.జెడ్.ఎం. ముద్ర, పక్కన ఎం1, ఏటవాలు గీత, నంబరు వచ్చాయి. 34 అంటే మార్క్‌నాయ్‌కిర్షెన్‌లోని కార్ల్ వుర్‌స్టర్. వయొలిన్లకు పేరుపడ్డ ఊరది. 120 ల్యూడెన్‌షైడ్‌లోని విల్‌హెల్మ్ డాయ్‌మర్. సేకర్తలు ఈ నంబర్లను కంఠస్థం చేస్తారు, అరుదైన నంబరైతే ధర పెంచుతారు. నాకది సగం చదువనిపిస్తుంది. ఏ ఊళ్ళో, ఏ కార్ఖానా ఆ పార్టీ మీద డబ్బు చేసుకుందో చెప్పే పద్దు అది.

నంబరు చెరిగిపోయినా అచ్చు చెబుతుంది. ఉక్కు అచ్చుకు సన్న పగులు వస్తే, ఆ పగుల్లోకి లోహం చొరబడి బిళ్ళ మీద ఉబ్బు గీతగా తేలుతుంది. రెండు బిళ్ళల మీద అదే గీత అదే చోట ఉంటే రెండూ ఒకే అచ్చు బిడ్డలు. ఎర్ర పట్టీలోని అక్షరాలు చూడండి: ఒకరి ‘ఎస్’ పొట్ట లావు, ఇంకొకరి ‘జెడ్’ కాలు సాగి ఉంటుంది. తర్వాత ఎనామెల్. అసలుది గాజుపొడి. గుంటల్లో నింపి, కొలిమిలో కరిగించి, రాయితో అరగదీస్తారు. అందుకే లోహపు గీతా గాజూ ఒకే మట్టంలో ఉంటాయి, వేలికి ఎక్కడా తగలవు. పెచ్చు ఊడితే గాజు విరిగినట్టే అంచు తళుక్కుమంటుంది. నకిలీల్లో చాలావాటికి రంగో రెసినో పోస్తారు. సూది మోపితే గాజు మీద జారుతుంది, రెసిన్‌లో దిగుతుంది.

బంగారు బిళ్ళ సంగతి వేరు. 1925 ఫిబ్రవరి 27న పార్టీ తిరిగి పుట్టాక చేరి, ఎడతెగక సభ్యులుగా ఉండి, లక్ష లోపు నంబరున్నవాళ్ళకు ఇచ్చారు. చుట్టూ బంగారు రంగు ఆకుల దండ, వెనక మ్యూనిక్ స్వర్ణకారుడు యోసెఫ్ ఫ్యూస్ పేరో, డెష్లర్ సంస్థ పేరో, సభ్యత్వ నంబరు. ఆ నంబరు వెనక మనిషి దొరుకుతాడు. 1945లో పార్టీ సభ్యుల కార్డులను గుజ్జు చేయమని మ్యూనిక్ దగ్గరి కాగితం మిల్లుకు పంపితే, మిల్లు యజమాని ఆ పని చేయలేదు. అమెరికన్ల చేతికి చిక్కిన ఆ కార్డులు, కోటికి పైగా, 1994 నుంచి జర్మనీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఆ దేశంలో ఈ గుర్తును బాహాటంగా ప్రదర్శించడం నేరం కనుక, అమ్మకపు జాబితాల్లో దాని మీద కాగితం అంటించి ఫొటో వేస్తారు. కార్డు మీది పేరుకు మాత్రం ఏ కాగితమూ అంటించలేదు.

నకిలీలు చేసేవాళ్ళకు ఇదంతా తెలీదనుకోకండి. మామూలు బిళ్ళకు దండ అతికించి, ఎవరో పేరున్న నాయకుడి నంబరే వేస్తారు. అందుకే నంబరు సరిపోయిందని సంబరపడే మిత్రుడికి భూతద్దం ఇచ్చి వెనక చూడమంటాను. నంబరు పాతదైతే వాడకపు గీతలు అంకెల మీదుగా పోయి ఉండాలి. అంకెలే ఆ గీతల్ని కోసుకుంటూ పోయాయంటే, నంబరు నిన్నమొన్న వేసిందే.